పక్కనే ఉన్నారు.. పలకరించారా?

చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లే ఉదయం బస్సు. మీ పక్క సీట్లో గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కూర్చుని ఉండొచ్చు. ముందు సీట్లో మీ కాలేజీలోనే చదివి, ఉద్యోగం తెచ్చుకున్న సీనియర్ ఉండొచ్చు. మీరేమో చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని జాబ్ యాప్‌లో వెతుకుతుంటారు. బ్లూటూత్ ఆన్ చేస్తే చుట్టుపక్కల పరికరాల పేర్లు టకటకా వచ్చేస్తాయి. మరి ఆ మనుషుల పేర్లు?

ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్యసేతు గుర్తుందిగా! యాప్ ఉన్న రెండు ఫోన్లు దగ్గరికొస్తే బ్లూటూత్ ద్వారా ఒకదాన్నొకటి గుర్తించి నమోదు చేసుకునేవి. ఇలాంటి పద్ధతుల్లో దూరాన్ని సిగ్నల్ బలాన్ని బట్టి లెక్కేస్తారు. మధ్యలో మనిషి అడ్డొచ్చినా సిగ్నల్ తగ్గుతుంది. గోడ అవతల ఉన్నవాళ్లూ ఒక్కోసారి పక్కనే ఉన్నట్టు కనిపిస్తారు. అంటే ఫోన్ చెప్పే ‘దగ్గర’ ఒక అంచనా మాత్రమే.

దగ్గరున్నవాళ్లని కలిపే ప్రయత్నం కొత్తదేం కాదు. 1998లో జపాన్‌లో ‘లవ్‌గెటీ’ అనే చిన్న పరికరం అమ్మారు. అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి. ఒకే ఆసక్తి ఎంచుకున్న ఇద్దరు కొన్ని అడుగుల దూరంలోకి వస్తే అది మోగేది. మోగాక మాట కలపాల్సింది మాత్రం వాళ్లే!

దగ్గరుంటే స్నేహమేనా?

2004లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సుమారు వంద మందికి నోకియా ఫోన్లిచ్చి, ఎవరు ఎవరికి దగ్గరగా ఉంటున్నారో బ్లూటూత్‌తో నెలల తరబడి గమనించారు. పని వేళల్లో ఒకేచోట ఉండటం స్నేహానికి గుర్తు కాదని తేలింది. పని ముగిశాక, వారాంతాల్లో కలిసేవాళ్లే అసలు స్నేహితులు. క్లాసులో నాలుగేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నా, మాట్లాడకపోతే అది హాజరే.. పరిచయం కాదు.

ఉద్యోగానికి సంబంధమేంటి?

చాలా ఉంది. ప్రాణస్నేహితులకు తెలిసిన ఖాళీలు దాదాపు మీకూ తెలిసినవే. కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గర దొరుకుతుంది. సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఈ మాట చెప్పారు. లింక్డిన్‌లో రెండు కోట్ల మందిపై చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. మరీ దగ్గరివాళ్ల కంటే, ఓ మోస్తరు పరిచయస్తుల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని అవీ చెప్పాయి. మీ బస్సులో, జాబ్ మేళా క్యూలో ఉన్నది అలాంటివాళ్లే.

ఇలా చేయండి

• జాబ్ మేళా క్యూలో ఒక ఇయర్‌బడ్ కాదు, రెండూ తీసేయండి.

• మొదటి మాటలోనే ఉద్యోగం అడగొద్దు. ‘‘అన్నా, మీ దగ్గర ఫ్రెషర్స్‌కి ఏం పని ఇస్తారు?’’ అని పని గురించి అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు.

• మీ ఫోన్ బ్లూటూత్ పేరు చూసుకోండి. రెజ్యూమె పంపమన్నప్పుడు అవతలి తెరపై ‘రౌడీ బాయ్ 143’ అని కనిపిస్తే బాగోదు. మీ పేరే పెట్టుకోండి.

• క్విక్ షేర్, ఎయిర్‌డ్రాప్ ‘కాంటాక్ట్స్’కే పరిమితం చేయండి. తెలియనివాళ్లు పంపే ఫైల్ తీసుకోవద్దు.

• కొత్తవాళ్లతో మాట్లాడటం ఇబ్బందనిపిస్తే సీనియర్లు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో మొదలుపెట్టండి. అవతలివాళ్లకి ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయండి.

ఎవరు దగ్గరున్నారో ఫోన్ చెబుతుంది, అంతే. రేపు ఒంగోలు బస్సెక్కినప్పుడు ఒక్కరినైనా పలకరించండి. దిగేలోపు ఆ ఒక్క పేరు తెలిసినా ఆ ప్రయాణం వృథా కాదు!