దుబాయిలో ఆదివారం ఎప్పుడు?

కోనసీమ నుంచి కొత్తగా దుబాయి వెళ్లిన క్రైస్తవుడికి చాలా ఏళ్లపాటు మొదటి వింత చర్చిలోనే ఎదురయ్యేది. అక్కడ ఆదివారం ఆరాధన శుక్రవారం జరిగేది, సెలవు ఆ రోజే కాబట్టి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2006 దాకా ప్రభుత్వ కార్యాలయాలకు గురు, శుక్రవారాలు సెలవు. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి అది శుక్ర, శనివారాలకు మారింది. 2022 జనవరి నుంచి మళ్లీ మారి, శుక్రవారం మధ్యాహ్నం దాకా పని, శని, ఆదివారాలు సెలవు అయ్యాయి. షార్జా మాత్రం శుక్రవారాన్ని వదులుకోకుండా మూడు రోజులూ సెలవు ఇచ్చేసింది.

ఇదంతా ఆఫీసుల లెక్క. సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే కుర్రాడికి, ఆసుపత్రిలో షిఫ్టులు చేసే నర్సుకి, అరబ్బుల ఇంట్లో వంటచేసే ఆవిడకు సెలవు ఏ రోజో యజమాని చెప్పాలి. అందుకే నలభై యాభై మంది ఉన్న చిన్న తెలుగు సంఘం కూడా ఒక్క ఆరాధనతో సరిపెట్టుకోవడం కష్టం. శుక్రవారం పొద్దున రాగలిగేవాళ్లు కొందరు, ఆదివారం రాత్రికి గానీ తెమలనివాళ్లు కొందరు. పాస్టరు గారు అదే వాక్యాన్ని రెండుసార్లు చెప్పాలి, రెండోసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాలి.

రోజు దొరికాక చోటు దొరకాలి. 1967లో అప్పటి దుబాయి పాలకుడు షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ ఇచ్చిన స్థలంలో సెయింట్ మేరీస్ కాథలిక్ చర్చి వెలిసింది. అది ఉన్న ఊద్ మేథా ప్రాంతంలోనే ఆంగ్లికన్ల హోలీ ట్రినిటీ చర్చి ఉంది. తర్వాత జెబెల్ అలీలో మరికొన్ని చర్చిలు వచ్చాయి. అబుదాబిలో ముష్రిఫ్, ముసఫ్ఫా, షార్జాలో యర్మూక్ ఇలాంటి చర్చి ప్రాంగణాలే. భాషకొకటి, శాఖకొకటి చొప్పున పుట్టిన సంఘాలెన్నో ఈ కొద్ది ప్రాంగణాల్లోనే గంటల లెక్కన హాళ్లు, గదులు పంచుకుంటాయి. చిన్న తెలుగు సంఘానికి దక్కేది సాధారణంగా ఏ రెండు గంటలో.

మన ఊళ్లో పది గంటలకన్న ఆరాధన పదిన్నరకు మొదలై ఒంటిగంటన్నరకు ముగిసినా ఎవరూ ఏమీ అనరు. అక్కడ అలా కాదు. గడియారంలో ముల్లు గడువు దాటేసరికి తలుపు అవతల తమిళులో, ఫిలిప్పీన్స్ వాళ్లో, నైజీరియన్లో గిటార్లు పట్టుకుని నిలబడి ఉంటారు. తెలుగు ప్రసంగాన్ని నలభై నిమిషాలకు కుదించడం గల్ఫ్ చేసిన మేలని ఎవరైనా అంటే కాదనలేం.

పోనీ ఎవరింట్లోనైనా కూడుకుందామంటే అదీ కుదరదు. తెలుగునాట సంఘం పుట్టేదే ఒకరింటి వరండాలో. చాప వేసి, కంజరి పట్టుకుని నలుగురు కూర్చుంటే అదే గుడి. ఎమిరేట్స్‌లో ప్రార్థనకు అనుమతి ఉన్న చోటు ఉండాలి. అబుదాబిలో సామాజికాభివృద్ధి శాఖ, దుబాయిలో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఈ వ్యవహారాలు చూస్తాయి. ముస్లిమేతరుల ప్రార్థనాలయాలన్నిటికీ వర్తించేలా 2023లో సమాఖ్య చట్టమే వచ్చింది. ముస్లింలకు మతప్రచారం చేయకూడదు. లైసెన్సు లేకుండా చందాలు సేకరించకూడదు. వీధి సువార్త, మైకు, కరపత్రాలు, ఉజ్జీవ సభల బ్యానర్లు, ఇలా కొత్త సంఘం పెట్టాలనుకునే తెలుగు పాస్టరు ముందుగా చేతిలోకి తీసుకునేవేవీ అక్కడ పనికిరావు. సంఘం ఒకరి ద్వారా ఒకరికి తెలిసి పెరగాల్సిందే.

అలాగని క్రైస్తవం ఆ నేలకు పరాయిదీ కాదు. అబుదాబికి చెందిన సర్ బనియాస్ దీవిలో 1992లో పాత క్రైస్తవ మఠం శిథిలాలు బయటపడ్డాయి. 2022లో ఉమ్ అల్ కువైన్‌లోని సినియా దీవిలో మరొకటి దొరికింది. ఇక ఈ కాలం సంగతికొస్తే, 1960లో అమెరికన్ మిషనరీ డాక్టర్ దంపతులు పాట్, మరియన్ కెనడీలు అల్ ఐన్‌లో ఆసుపత్రి తెరిచారు. ఇప్పటి దేశాధ్యక్షుడు షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ 1961లో పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. క్రైస్తవులను గౌరవంగా చూస్తారు, గీత మాత్రం దాటనివ్వరు. అక్కడ కాపరిగా ఉండాలంటే ఈ రెండూ తెలిసి ఉండాలి.

2024లో అబుదాబిలోని అబు మురైఖాలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మలయాళీ సంఘం సొంత చర్చి ప్రారంభించుకుంది. పాలకులిచ్చిన స్థలంలో, అదే ఏడాది ఫిబ్రవరిలో తెరిచిన బాప్స్ హిందూ మందిరానికి దగ్గర్లో కట్టుకున్నారు. దశాబ్దాలపాటు వాళ్లూ పరాయి ప్రాంగణంలో గంటల లెక్కన ఆరాధించినవాళ్లే. డోర్నకల్, మెదక్, కృష్ణా గోదావరి డయోసిస్‌లున్నదీ అదే సీఎస్ఐలో. మరి తెలుగువారు ఎక్కువగా చిన్న చిన్న సహవాసాలుగానే ఎందుకు మిగిలారు? మలయాళీ శాఖలు గల్ఫ్‌కు అచ్చన్లను, అంటే పాస్టర్లను, డయోసిస్ తరఫున కొన్నేళ్ల గడువుతో పంపుతాయి. ఒకాయన వెళ్తే ఇంకొకాయన వస్తాడు. మన సంఘాలు ఎక్కువ భాగం ఒక మనిషి చుట్టూ అల్లుకున్నవి. ఆయన ఉన్నంతకాలమే అవీ ఉంటాయి.

పైగా మన లోపలి గోడలు మనకున్నాయి. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు లూథరన్లు, ఒంగోలు వైపు వాళ్లు బాప్టిస్టులు, మెదక్ వాళ్లు సీఎస్ఐ. రాజమండ్రిలో దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిల్ మిషన్ వాళ్లు, హైదరాబాదు హెబ్రోనుకు చెందిన భక్తసింగ్ సహవాసం వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు వేరే. ఊళ్లో ఒకరి గుడికి ఒకరు వెళ్లరు. దుబాయిలో అందరికీ ఒకే గది, ఒకే కీబోర్డు. ప్రభువు బల్ల వారం వారమా, నెలకోసారా? చిలకరింపు బాప్తిస్మం చెల్లుతుందా, నీళ్లలో ముంచాల్సిందేనా? చిన్న సంఘం చీలిపోవడానికి వీటిలో ఒక్కటి చాలు. ఊరు, కులం కూడా విమానం ఎక్కే వస్తాయి. ఫలానావాళ్ల సహవాసం, ఫలానా జిల్లా వాళ్ల సహవాసం అన్న మాట బయటికి అనరు గానీ అందరికీ తెలుసు.

ఇన్నిటి మధ్యా పాస్టరు గారికి జీతం ఇంకోచోట. సంఘం పేరిట వీసా ఇప్పించగలిగేవి గుర్తింపు ఉన్న పెద్ద చర్చిలే. చిన్న సంఘాల కాపరుల్లో ఎక్కువమంది పగలు స్టోర్‌కీపర్లో, అకౌంటెంట్లో, డ్రైవర్లో. కొరింథులో పౌలు డేరాలు కుడుతూ వాక్యం చెప్పినట్టే వీళ్లూ పొద్దంతా కంపెనీ పని చేసుకుంటారు. వాట్సాప్‌లో ప్రార్థన మనవులు వినేది రాత్రి పదింటి తర్వాతే. వాటిలో సగం జబ్బులు, సగం అప్పులు. కఫీలు (స్పాన్సరు) పాస్‌పోర్టు పట్టుకున్నాడని ఒకరు, ఏజెంటు మోసం చేశాడని ఇంకొకరు. ఎవరైనా చనిపోతే కంపెనీ కాగితాలు, భారత కాన్సులేట్ అనుమతి, ఎంబామింగ్, కార్గోలో పెట్టె, అవతల శంషాబాదు నుంచి ఊరికి అంబులెన్సు దాకా చూడాలి. ఇంటివాళ్లకు ముందుగా ఫోన్ చేసి చెప్పే పని కూడా చాలాసార్లు ఈయన మీదే పడుతుంది. 2018లో, మళ్లీ 2024లో ప్రభుత్వం వీసా గడువు మీరినవాళ్లకు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు ఇలాంటి మనిషి తోడుంటే వరసలో నిలబడేవాడికి ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చాకిరీ ఎందుకంటే, ఫలితం కళ్లెదుటే కనిపిస్తుంది గనక. పెద్ద చర్చిలో నువ్వు రాకపోతే తెలియదు. నలభై మందిలో ఒక కుర్చీ ఖాళీ అయితే ఆ రాత్రికే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. సోనాపూర్ కార్మికుల క్యాంపులో బంకు బెడ్ మీద ఉండే జగిత్యాల మేస్త్రీ, మెరీనాలో అపార్ట్‌మెంట్ ఉన్న గుంటూరు ఇంజనీరు పక్కపక్కన కూర్చుని అవే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతారు. ఊళ్లో వీళ్లిద్దరూ ఒక చాప మీద కూర్చునేవారా అంటే అనుమానమే.

కానీ ఆ నలభై మందీ నిలవరు. వీసా అయిపోతుంది, కంపెనీ మూతపడుతుంది, అమ్మాయి పెళ్లని ఒకరు వెళ్లిపోతారు, కెనడా వచ్చిందని ఇంకొకరు. కొన్నేళ్లలో సంఘమంతా కొత్త ముఖాలే. ఈ లెక్క ముందే అర్థం చేసుకున్న కాపరులు ‘అయ్యగారి గుడి’ పద్ధతి వదిలేసి పెద్దల పద్ధతి పట్టుకున్నారు. జీతగాడైన పాస్టరు లేకుండా సంఘపెద్దలే వాక్యం చెప్పే పద్ధతి భక్తసింగ్ సహవాసాల ద్వారా 1940ల నుంచీ తెలుగువారికి తెలిసిందే. ఎలక్ట్రీషియన్ నెలకోసారి ప్రసంగిస్తాడు, నర్సు పిల్లలకు సండే స్కూలు చూస్తుంది. 2020 మార్చిలో ప్రార్థనాలయాలన్నీ మూతపడి ఆరాధన జూమ్‌లోకి వెళ్లినప్పుడు ఇలాంటి సంఘాలు పెద్దగా తడబడలేదు.

అందులోనూ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లది వేరే కథ. వారానికో రోజు సెలవు ఇవ్వాలని 2017లోనే చట్టం వచ్చినా బయటికి పంపని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి వాళ్లు వంటింట్లో ఫోన్ పెట్టుకుని వాయిస్ మెసేజిల్లో ప్రార్థన గుంపులు నడుపుతారు. రాజోలు, రాయచోటి వైపు నుంచి వెళ్లి ఊళ్లో ఎన్నడూ మైకు పట్టుకోని మనుషులు అక్కడ వాక్యం చదివి వివరించడం నేర్చుకున్నారు. తిరిగొచ్చాక ఊరి పాస్టరు గారు వాళ్లను వేదిక ఎక్కనిస్తారా అన్నది వేరే గొడవ.