వెనుక స్ప్రింగు సైకిలు : దోషములు, వాని పరిశీలన

కొండదారులలో నడుపుటకై నిర్మింపబడిన సైకిళ్ళు నేడు పట్టణపు వీధులలో సర్వసామాన్యముగా కనిపించుచున్నవి. వీనిలో కొన్నింటికి సీటు క్రింద, ఫ్రేమునకును వెనుక చక్రమునకును నడుమ ఒక స్ప్రింగు ఉండును. అట్టి సైకిలు కొనవలెనని విద్యార్థులకు గల ఉబలాటము ఎంతటిదో, అది చెడినప్పుడు ఏమి చేయవలెనో తెలియక పడు తికమకయు అంతటిదే. సాధారణముగా జరుగునది ఒక్కటే. వీధి చివరి దుకాణమునకు నడిపించుకొనిపోయి స్ప్రింగు బిగించుమందురు. రోగమేదైనను మందు ఒక్కటే అన్నట్లు! తెలుగు బోధించువారికి ఈ ఇనుప సామానుతో పని యేమని కొందరు అడుగవచ్చును. సైకిలు త్రొక్కువారందరికిని దానిని గూర్చి మాట్లాడు హక్కు కలదని మా సమాధానము.

ఈ సైకిళ్ళకు పుట్టినిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము. అచ్చటి మారిన్ కౌంటీలో 1976 అక్టోబరులో రీప్యాక్ అను కొండదిగుడు పందెములు మొదలైనవి. ఆనాటి యువకులు నడిపినవి స్ప్రింగులు లేని పాత బరువు సైకిళ్ళు. పెడలును వెనుకకు త్రొక్కగా పడెడి బ్రేకు వేడికి ఇరుసులోని గ్రీజు పొగయై పోయెడిది. దిగిన ప్రతిసారియు మరల గ్రీజు కూరవలసి వచ్చుటచేతనే పందెమునకు ఆ పేరు. ముందు ఫోర్కునకు స్ప్రింగులు 1990 ప్రాంతమునను, వెనుక స్ప్రింగులు ఆ తరువాతి సంవత్సరములలోను వ్యాపించినవి. వెనుకది కష్టమైన పని. ముందు చక్రము బరువును మోసిన చాలును. వెనుక చక్రము బరువుతోపాటు చైను లాగుడును భరింపవలెను.

వెనుక భాగమున మూడు పనులు జరుగుచుండును. స్ప్రింగు బరువును మోయును. షాక్ అబ్జార్బరు లోపలి ఆయిలు, స్ప్రింగు తిరిగి ఎగయు వేగమును అణచును. బేరింగులు, బుష్‌లు, బోల్టులతో కూడిన కీళ్ళు చక్రము ప్రక్కలకు ఊగకుండ ఒకే దారిలో కదలునట్లు చూచును. దోషము ఈ మూడింటిలో దేనిదో తెలిసికొనుటయే అసలు విద్య. చౌక సైకిళ్ళలో తరచుగా రెండవది ఉండనే ఉండదు. అవి ఉత్త స్ప్రింగులు. అట్టి సైకిలు గుంత దాటిన పిమ్మట రెండు మూడు మార్లు ఎగిరినచో అది రోగము కాదు, పుట్టుక. దానికి వైద్యము లేదు.

మొదట కీళ్ళను పరీక్షింపవలెను. ఎక్కువ తగవులు తేలునది ఇచ్చటనే. సైకిలును నిలువుగా నిలిపి, ఒక చేతితో సీటును పట్టి వెనుక చక్రము నేలనుండి లేచీ లేవనట్లు మెల్లగా ఎత్తి దించవలెను. చక్రము లేవకముందే చేతికి 'టక్'మని తగిలినచో ఎచ్చటనో లూజు ఉన్నది. రెండవ చేతి వ్రేలిని ఒక్కొక్క కీలుపై ఆనించి మరల ఎత్తినచో లూజు ఏ కీలుదో వ్రేలికే తెలియును. షాకు రెండు చివరల కన్నములలోని చిన్న బుష్‌లు ముందుగా అరుగును. అవి చవుక సామానే. ప్రక్కలకు ఊపి చూచునప్పుడు మాత్రము మోసపోరాదు. చక్రపు ఇరుసు బేరింగులు వదులైనను చక్రము అట్లే ఊగును. చక్రము మాత్రమే ఊగి వెనుక ఫ్రేము కదలనిచో దోషము ఇరుసుది. రెండును కలిసి ఊగినచో కీలుది. ఇంకను సందేహమున్నచో షాకును విప్పి, వెనుక భాగమును చేతితో పైకి క్రిందికి ఆడింపవలెను. గరగరలు లేక నూనెలో కదలినట్లు కదలవలెను.

కిర్రుమను శబ్దము వేరు విషయము. లేచి నిలిచి త్రొక్కినప్పుడు శబ్దము ఆగినచో అపరాధి సీటు, లేక సీటు గొట్టము. దానిని ఊడదీసి తుడిచి పలుచగా గ్రీజు పూసినచో చాలును. (కార్బను ఫ్రేమునకు గ్రీజు తగదు.) సీటు గొట్టము చేసిన నేరమునకు స్ప్రింగు శిక్ష అనుభవించిన సైకిళ్ళను మేము పలుమార్లు చూచితిమి.

ఇక స్ప్రింగు. దానిపై 750 అని ముద్రించియున్నచో, ఒక అంగుళము కుదించుటకు 750 పౌండ్ల బరువు కావలెనని అర్థము. అంత బరువు మనిషి యెక్కడ అనవచ్చును. చక్రము 125 మి.మీ. పైకి లేచునప్పుడు షాకు 50 మి.మీ. మాత్రమే కుదించుకొనుననుకొనుడు, అప్పుడు చక్రముపైని బరువు షాకుపై రెండున్నర రెట్లుగా పడును. తూచవలసినది నడుపువాడు సీటుపై కూర్చున్నంతనే షాకు ఎంత కుంగుచున్నదో అది. 50 మి.మీ. కదలిక గల షాకు కొండదారి సైకిలులో 12 నుండి 15 మి.మీ. కుంగుట ఉచితము. అంతకు మించి కుంగి, గుంతలలో 'దడ్'మని అడుగంటుచున్నచో స్ప్రింగు మెత్తనిది. స్ప్రింగు పైనుండు చక్రాకారపు నట్టును ఒకటి రెండు చుట్లు బిగింపవచ్చును. అంతకు మించి బిగించినను స్ప్రింగు గట్టిపడదు. ముందుగానే నొక్కబడి యుండును, అంతే. కావలసినది గట్టి స్ప్రింగు. పెడలు త్రొక్కునప్పుడు సైకిలు కొంచెము ఊగుట మాత్రము ఈ నిర్మాణపు సహజ గుణము. తారు రోడ్డుపై కళాశాలకు వచ్చిపోవువారికి ఆ ఊపు వృథా శ్రమయే. వారు వెనుక స్ప్రింగు లేని సైకిలు కొనుట మేలని మా అభిప్రాయము.

ఖరీదైన సైకిళ్ళలో స్ప్రింగునకు బదులు గాలి యుండును. దానికి టైరు పంపు పనికిరాదు. అధిక పీడనమునకు తగిన చిన్న పంపు వేరుగా దొరకును. ఆ పంపు తగిలించినంతనే ముల్లు నిన్నటికంటె తక్కువ చూపును. గాలి కారినదని కంగారు పడనక్కరలేదు. కొంత గాలి పంపు గొట్టములోనికి వచ్చినది. విప్పునప్పటి 'సుస్' శబ్దము కూడ గొట్టములోని గాలిదే. నిజముగా కారుచున్నదో లేదో సబ్బు నీటి బుడగలు చెప్పును.

ఆయిలు పని చేయుచున్నదా అని తెలిసికొనుటకు, సీటుపై కూర్చుండియే కాలిబాట అంచునుండి మెల్లగా దిగవలెను. వెనుక భాగము ఒకమారు లేచి కుదుటపడవలెను. మరల మరల ఎగిరినచో తిరుగు వేగమును తగ్గించు మరను ఒక్కొక్క మెట్టు బిగింపవలెను. మర త్రిప్పినను మార్పు లేక, నొక్కినప్పుడు చప్పచప్పమను శబ్దము వచ్చినచో ఆయిలులో గాలి కలిసినది. కడ్డీపై పలుచని తడి సహజము. బొట్లుగా కారినచో సీలు చెడినది. కిరసనాయిలుతో కడుగు అలవాటు ఇచ్చట మానవలెను. అది బేరింగులలోని గ్రీజును కూడ కడిగివేయును.

ఒక్క సందర్భమున చేయి పెట్టనేరాదు. గాలి షాకు కుదించుకొనిపోయి తిరిగి లేవనిచో, లోపలి సీలు తప్పి గాలి రెండవ గదిలో చిక్కుకొన్నదని గ్రహింపవలెను. పైకవాటము నొక్కి గాలి వదలినను ఆ గదిలోని పీడనము పోదు. స్పానరు పెట్టి విప్పినచో లోహపు ముక్క తుపాకి గుండువలె ఎగిరిపడి కన్ను పోవచ్చును. తగిన పనిముట్లు గల సర్వీసు కేంద్రమునకే పంపవలెను. కీళ్ళవద్ద వెల్డింగు అంచున రంగు వెండ్రుకవలె చీలినట్లు కనిపించినను ఆ సైకిలు ఎక్కరాదు. అల్యూమినియము ఫ్రేములు వేడిచేసి గట్టిపరచినవి. వీధి వెల్డింగు ఆ గట్టిదనమును పోగొట్టును.

షాకు మార్చవలసి వచ్చినచో పాతదానిని అంగడికి తీసికొనిపోవుట మంచిది. రెండు కన్నముల మధ్యబిందువుల దూరము, కడ్డీ కదలిక, బుష్ వెడల్పు, స్ప్రింగుపై అంకె, ఈ నాలుగును సరిపోవలెను. దూరము పొడుగైనచో సీటు ఎత్తు పెరిగి హ్యాండిలు వాలు మారును. పొట్టిదైనచో గుంతలో వెనుక టైరు సీటు గొట్టమునకు రాచుకొనును.