వాట్లు చూసి కాదు, వేడి చూసి కొనండి!

మా క్యాంపులో కడప అన్న ఒకాయన ఉన్నారు. ఫోనుకు చార్జింగ్ ఎక్కడం లేదని మా గదిలోని జగిత్యాల తమ్ముడికి ఇచ్చారు. తమ్ముడు కొన్నాళ్లుగా వీడియోలు చూసి రిపేరు నేర్చుకుంటున్నాడు. ఇంటికి పోయాక బస్టాండు దగ్గర చిన్న షాపు పెట్టాలని వాడి ఆశ. సైట్‌లో లావు వైర్లకు వాడే 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి అడిగి తెచ్చాడు. చార్జింగ్ పిన్ ఊడదీయబోతే పిన్‌తోపాటు బోర్డు మీది రాగి పట్టీలు కూడా లేచొచ్చాయి. ఫోను పోయింది. అందులో ఆ అన్న కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలున్నాయి. సెలవు దొరక్క ఆయన వెళ్లలేకపోయిన ఫంక్షన్ అది. కొత్త ఫోనుకు తమ్ముడు 400 దిర్హాములు కట్టుకున్నాడు.

"ఎక్కువ గరమైతె జల్ది ఊడొస్తదనుకున్న అన్నా" అన్నాడు రాత్రి. చాలామంది అనుకునేదీ ఇదే.

నేను చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా, దుబాయ్‌లో చేస్తున్నది కాంక్రీటు సూపర్‌వైజరు పని. అయినా పాలిటెక్నిక్ ల్యాబులో నేర్చుకున్నది మరిచిపోలేదు. ఐరన్ మీద రాసిన వాట్లు వేడి కాదు. ఎంత తొందరగా వేడి అందించగలదో చెప్పే లెక్క. రెగ్యులేటర్ లేని మామూలు ఐరన్ ఖాళీగా ఉన్నప్పుడు వేడెక్కుతూనే ఉంటుంది, 400 డిగ్రీలు దాటినా దాన్ని ఆపేది ఏమీ లేదు. పెద్ద జాయింటు మీద పెట్టగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. అప్పుడు మనం నొక్కిపట్టి ఉంచుతాం. బోర్డు మీది రాగి జిగురుతో అంటించిందే కదా, ఆ వేడికి జిగురు వదిలేస్తుంది. కాంక్రీటులో వైబ్రేటర్ ఎక్కువసేపు ఉంచితే కంకర కిందికి, పాలు పైకి పోతాయి చూడండి, అలాంటిదే ఇదీ.

అందుకే చిన్న ఎలక్ట్రానిక్ పనికి టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ స్టేషన్ కొనండి. 60 వాట్ల చుట్టుపక్కల ఉంటే చాలు. ఇక్కడ వాట్లు ఎక్కువున్నా భయం లేదు, మనం పెట్టిన డిగ్రీల దగ్గర అదే ఆగుతుంది. జపాన్ హాకో కంపెనీ 936 మోడల్‌కు డూప్లికేట్లు ఎక్కడ చూసినా ఉంటాయి. ఒరిజినల్ ధర మనకు భారమే. నేర్చుకోవడానికి డూప్లికేట్ చాలు, కానీ కొనేటప్పుడు ఒక పని చేయండి. ప్లగ్గు పెట్టకముందే మల్టీమీటరుతో ఐరన్ మొనకూ ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకూ కలుస్తోందా చూడండి. కలవకపోతే తీసుకోవద్దు. కొన్నింట్లో ఎర్త్ వైరు పేరుకే ఉంటుంది. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంకోటి, దానికి సరిపోయే బిట్లు ఇంటి దగ్గరా దొరకాలి. 936 రకం బిట్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగొచ్చు. సూదిలాంటి బిట్ చూడ్డానికి బాగుంటుంది గానీ వేడి అందదు. ఉలి మొన లాంటిది, 2 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పుది తీసుకోండి. మొన నల్లబడితే ఆకురాయి పెట్టొద్దు. పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని టంకం తినేస్తుంది. తడి స్పాంజితో తుడిచి, కొంచెం లెడ్డు అంటించి పక్కన పెట్టాలి.

లెడ్డు అంటే షాపుల్లో టంకం తీగకు అందరూ అనే మాట. అందులో తగరం, సీసం కలిసి ఉంటాయి. 63/37 అని రాసున్నది, 0.8 మిల్లీమీటర్లది మంచిది. 183 డిగ్రీలకు కరుగుతుంది, ఐరన్ 320 నుంచి 350 మధ్య పెట్టుకోవచ్చు. 2006 జూలై నుంచి యూరప్‌లో సీసం మీద ఆంక్షలు వచ్చాయి, అప్పటినుంచి ఫోన్లలో ఎక్కువగా సీసం లేని టంకమే. అది కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. మా తమ్ముడు ఓడిపోయింది ఇక్కడే. పాత జాయింటు మీద ముందు ఫ్లక్స్ రాసి, కొత్త లెడ్డు కొంచెం కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది, తర్వాత రాగి జాలీతో పీల్చేయొచ్చు. ప్లంబర్లు వాడే యాసిడ్ పేస్టు మాత్రం బోర్డుకు పూయొద్దు, తర్వాత మెల్లగా తినేస్తుంది.

హాట్ ఎయిర్ గన్ కూడా కలిసున్న స్టేషన్ చూసి మనసు లాగుతుంది. మొదటి ఆరు నెలలు దాని జోలికి పోకండి.

గదిలో మంచం మీద కూర్చుని ఈ పని వద్దు. ఆరుగురు పడుకునే గదిలో ఒక్క దుప్పటి అంటుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. క్యాంప్ బాస్‌ను అడగండి. మాకు మెయింటెనెన్స్ రూములో ఒక బల్ల ఇచ్చారు. పొగ వచ్చేది ఫ్లక్స్ నుంచి, ఊపిరికి మంచిది కాదు, కిటికీ దగ్గర కూర్చోండి. సీసం చేతికి అంటుతుంది, సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు.

ఇంటికి తీసుకెళ్లేవాళ్లు లేబుల్ మీద 220-240 వోల్టులు ఉందో లేదో చూసుకోండి. 110 వోల్టులదైతే ఊళ్లో పెట్టగానే కాలిపోతుంది. ఇక్కడి పలకల పిన్నుల ప్లగ్గు మన సాకెట్లో పట్టదు. ఎర్త్ లేని అడాప్టర్ తగిలించకుండా మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు మార్పించండి.

తమ్ముడు చివరికి డేరాలో 150 దిర్హాముల లోపే ఒక స్టేషన్ కొన్నాడు. కాలిపోయిన చార్జర్ బోర్డులు తెచ్చి ఊడదీయడం, మళ్లీ అతికించడం, రెండు నెలలు ఇదే పని. మొన్న సెలవు రోజున కడప అన్న చార్జింగ్ లైటుకు తెగిన వైరు అతికించి ఇచ్చాడు. లైటు వెలిగింది. అన్న మెచ్చుకున్నారు, టీ కూడా తాగించారు. కొత్త ఫోను మాత్రం జేబులోంచి తీయలేదు.