రేకు ఒకటే, అంకెలు మూడెందుకు?

కొల్లేరు దగ్గరి గుండుగొలనులో ఒక గేటుకు ఇనుప రేకు కావాలనుకుందాం. పొడవు 8 అడుగులు, వెడల్పు 4. అంటే 32 చదరపు అడుగులు. అదే రేకును కంప్యూటర్‌లో క్యాడ్ సాఫ్ట్‌వేర్‌తో గీస్తే, సామగ్రి పట్టికలో వైశాల్యం 29,72,897 అని రావచ్చు! కంగారు పడకండి, రేకు పెరగలేదు.

ఇలాంటి బొమ్మలను ఎక్కువగా మిల్లీమీటర్లలో గీస్తారు. కాబట్టి పట్టికలో పడినవి చదరపు మిల్లీమీటర్లు. మీటరుకు 1,000 మిల్లీమీటర్లే. కానీ చదరపు మీటరులో వెయ్యి వరసలు, వరసకు వెయ్యి గళ్లు, మొత్తం 10,00,000. చాలామంది తడబడేది ఇక్కడే, వెయ్యితో భాగించి ఊరుకుంటారు. పది లక్షలతో భాగిస్తే సుమారు 2.97 చదరపు మీటర్లు వస్తుంది.

బొమ్మను మళ్లీ గీయాలా? అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కొలతను ఒక ప్రమాణంలో దాచుకుని, చూపేటప్పుడు మనమడిగిన దానిలోకి మారుస్తుంది. పొడవుకు మిల్లీమీటర్లు, వైశాల్యానికి చదరపు అడుగులు అని విడిగా ఎంచుకునే వీలు చాలా ప్రోగ్రాముల్లో ఉంది. అంకె పక్కన ప్రమాణం కూడా కనబడాలి. అది లేని పట్టికను నేనైతే నమ్మను.

ఏ ప్రమాణం వాడాలన్నది కొలిచేదాన్ని బట్టి ఉంటుంది. గుండుగొలను ప్రాంతంలో ఇంటి స్థలాన్ని గజాల్లో, చేపల చెరువును ఎకరాల్లో, కొల్లేరు అభయారణ్యాన్ని చదరపు కిలోమీటర్లలో చెబుతారు. ఎకరం చెరువును చదరపు మిల్లీమీటర్లలో చెప్పాలంటే 400 కోట్లు దాటుతుంది మరి!