మనం వెళ్లినా ప్రయోగం ఆగకూడదు

ఇంతకుముందు మేము పనిచేసిన ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి అమ్మాయి వరి గింజల మీద ప్రయోగం మొదలుపెట్టింది. ఉప్పు నీటిలో గింజలు ఎంతవరకు మొలుస్తాయన్నది ఆమె ప్రశ్న. పదకొండో రోజున వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆమె వెళ్లాక గిన్నెలు మిగిలాయి కానీ, దేనిలో ఎంత ఉప్పు కలిపిందో ఎక్కడా రాసి లేదు. ప్రయోగం అక్కడితో ఆగింది. తప్పు ఆమెది కాదు. రోజూ రాయమని చెప్పాల్సిన పెద్దవాళ్లం మేము చెప్పలేదు.

మేము తెలుగు చెప్పేవాళ్లం. అయినా పిల్లల సైన్స్ నివేదికలు దిద్దడానికి పిలిస్తే ల్యాబ్‌కు వెళ్తుంటాం. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ పరిసరాల్లోని ఒక సమస్యపై గైడ్ టీచర్ సాయంతో పరిశోధన చేస్తారు. గైడ్ జవాబు చెప్పరు. ప్రశ్నను చిన్నది చేసుకోవడం, సరిగ్గా కొలవడం, చూసింది చూసినట్టు రాయడం నేర్పుతారు.

వరి గింజల ప్రయోగాన్నే తీసుకుందాం. గింజ మొలవాలంటే ముందు నీరు పీల్చుకోవాలి. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ గింజకు ఆ నీరు అందడం కష్టమవుతుంది. ఇది తేల్చాలంటే ఒక గిన్నెలో మామూలు నీరే ఉండాలి. అది లేకపోతే మిగతావాటిని దేనితో పోలుస్తాం? అన్ని గిన్నెల్లో ఒకే రకం గింజలు, ఒకే లెక్కన వేయాలి. రోజూ ఒకే వేళకు మొలకలు లెక్కపెట్టాలి. అనుకున్నట్టు రాకపోయినా అంకె మార్చకూడదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. వారు చేపట్టిన ప్రశ్న చిన్నదే: భాస్వరాన్ని కచ్చితంగా కొలవడం ఎలా? ద్రావణం ఎంత నీలంగా మారితే అంత భాస్వరం ఉన్నట్టు తెలిపే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. గురువు పేరుతో పాటు శిష్యుడి పేరూ దానికి నిలిచింది. ఆ కొలత చేతిలో ఉండబట్టే, మన కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించగలిగారు. ప్రతి మెట్టూ రాసిపెట్టినందువల్ల ఆ పద్ధతిని ఏ దేశంలోని ల్యాబ్ అయినా తిరిగి చేసి చూసుకోగలిగింది.

అంత దూరం ఎందుకు? మన రాయ్‌పూర్‌నే చూడండి. 'ధాన్ కా కటోరా' అని పేరున్న ఈ ప్రాంతపు పల్లెల నుంచి 1970లలో డాక్టర్ రిఛారియా వేలాది వరి రకాలు సేకరించి, వాటి వివరాలు నమోదు చేశారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ విత్తనాలు మాత్రం ఇక్కడి ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, కొత్త పరిశోధకులకు పనికొస్తున్నాయి.

పిల్లలూ, మీ నాన్నగారికో అమ్మగారికో ఎప్పుడు బదిలీ వస్తుందో మనకు తెలియదు. అందుకే ల్యాబ్‌లో మొదటి రోజే ఒక నోటుపుస్తకం తెరవండి. తేదీ, వేళ, కొలత, చేసిన పొరపాటు అన్నీ రాయండి. ఒక కాపీ మీతో తీసుకెళ్లండి, అసలుది ల్యాబ్‌లో ఉంచండి. వీలైతే కింది తరగతి తమ్ముణ్ణో చెల్లినో పక్కన కూర్చోబెట్టుకుని పని చూపించండి. మీరు వెళ్లిన మర్నాడు వాళ్లు ఆ పుస్తకం తెరిచి, ఎవరినీ అడగకుండా పన్నెండో రోజు లెక్క రాయగలగాలి.