వార్తల్లో పదం: స్పెషల్ ఎడ్యుకేటర్

చూపు, వినికిడి, మేధోపరమైన వైకల్యాలున్న పిల్లలకు బోధించేందుకు ప్రత్యేక శిక్షణ పొందిన టీచరే స్పెషల్ ఎడ్యుకేటర్. ప్రత్యేక విద్యలో డిప్లొమా లేదా బీఈడీ చేసి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. మేధోవైకల్యం విషయంలో ఈ శిక్షణకు పెద్ద దిక్కు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ. 1984లో ఏర్పాటైంది. ఇక్కడ ప్రతి బిడ్డకూ విడిగా బోధన ప్రణాళిక రాయడం నేర్పుతారు. బొత్తాలు పెట్టుకోవడం, చిల్లర లెక్కపెట్టడం కూడా అందులో పాఠాలే. అదే అసలైన చదువు!

ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. మామూలు బీఈడీ విద్యార్థులనూ కొన్ని వారాలు ప్రత్యేక అవసరాల పిల్లల తరగతులకు పంపాలి. రేపు ఆ పిల్లలు కూర్చునేది వాళ్ల ముందే.