తాలూకా – తాలూకు

అరబ్బీ ధాతువులు ప్రాయికముగా మూఁడు హల్లుల కూర్పులు. అందు ఐన్, లామ్, ఖాఫ్ అను వర్ణముల ధాతువునకు వ్రేలాడుట, అంటుకొనుట యర్థము. జలగకు ఆ భాషలోఁ బేరు దీనినుండియే కలిగినది. 'వ్రేలాడఁదీసినవి' యను నర్థము గల ముఅల్లఖాతు లనెడి ప్రాచీన కావ్యముల పేరును, ఉర్దూ వ్రాఁతకు వాడు నస్తాలీఖు లిపిపేరిలోని యుత్తరభాగమును దీనివే. అంటుకొనుటనుండి సంబంధ మను నర్థము పుట్టి, పారసీకము ద్వారా మన దేశమున రాజ్యాంగభాషలోఁ బ్రవేశించినది.

నైజాము రాజ్యమున మంచిర్యాల లక్షెట్టిపేట తాలూకాలోనిది. తాలూకా యనఁగా నొక కచేరికి సంబంధించిన గ్రామసముదాయము. తాలూక్‌దారు పదమున మాత్రము పాఠకుఁడు జాగరూకుఁడై యుండవలెను. అయోధ్యాప్రాంతమున నతఁడు భూస్వామి. హైదరాబాదున, 1865లో సాలారుజంగు చేసిన జిల్లాబందీ పిమ్మట, వేతనము గొను జిల్లాధికారి. ఈ భేద మెఱుఁగక పాత దస్తావేజులు చదివినచో నుద్యోగి జమీందారై కూర్చుండును! ఇలాకా పదమును నట్టిదే. సర్ఫెఖాసు ఇలాకా యనునది యెల్లను దెలుపదు. ఆ భూమి నైజాము సొంత యాదాయమునకుఁ జేరిన దని తెలుపును.

1985లో మండలము లేర్పడి తాలూకాలు పోయినవి. 'వారి తాలూకు మనిషి' యన్నపు డాధాత్వర్థము షష్ఠీవిభక్తి పనిని నేఁటికిని జేయుచున్నది.